మొతేరాలో కోల్డ్‌ప్లే: గేటు దగ్గర నాకు జరిగిన మర్యాద

జనవరి 26, 2025 సాయంత్రం అహ్మదాబాద్ మొతేరాలోని నరేంద్ర మోదీ స్టేడియంలో కోల్డ్‌ప్లే అనే బ్రిటిష్ రాక్ బ్యాండు కచేరీ చూసి, నవజీవన్ ఎక్స్‌ప్రెస్‌లో విజయవాడ తిరిగి వస్తూ, కోపం చల్లారకముందే ఇది రాస్తున్నాను. నా వయసు యాభై రెండు. ఈ వివరం ఎందుకు అవసరమో కాసేపట్లో తెలుస్తుంది.

టికెట్ సంగతి క్లుప్తంగా చెబుతాను. సెప్టెంబరులో ముంబై కచేరీలకు ప్రయత్నించినప్పుడు ఆన్‌లైన్ వరుసలో నా సంఖ్య ఆరు లక్షలు దాటి ఉండగానే అమ్మకం ముగిసింది. నవంబరులో అహ్మదాబాద్ టికెట్లు పెట్టినప్పుడు రెండున్నర వేల రూపాయల టికెట్ ఒకటి దొరికింది. రైలు ప్రయాణమూ, మెట్రోలో మొతేరా చేరడమూ ఏ ఇబ్బందీ లేకుండా జరిగిపోయాయి.

గేటు ముందు వరుసలో నా వంతు రాబోతుండగా, మెరిసే జాకెట్ వేసుకున్న ఇరవై ఏళ్ల వలంటీరు ఒకడు నా మోచేయి పట్టుకుని పక్కకు తీసుకువెళ్లి, పిల్లలను దింపడానికి వచ్చినవాళ్లు రోడ్డుకు అవతలి వైపు ఉండాలని హిందీలో, చాలా మర్యాదగానే చెప్పాడు. నేను టికెట్ చూపించాను. అతను దానిని రెండు వైపులా తిప్పి చూసి, "మీ అబ్బాయి ఎక్కడున్నాడు అంకుల్?" అని అడిగాడు. టికెట్ నాదేనని చెబితే ఆధార్ కార్డు అడిగాడు. అక్కడ అసలు చిక్కు మొదలైంది. టికెట్ మీద మన అలవాటు ప్రకారం ఇంటిపేరుకు ఒక పొడి అక్షరం పెట్టి నా పేరు రాసుకున్నాను. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా, అదీ ముందు, ఉన్నది. అతను ఇంటిపేరునే నా పేరుగా చదివి, ఈ టికెట్ వేరే వ్యక్తిదని తేల్చేశాడు. తెలుగువాడికి ఇంటిపేరు ముందు వస్తుందని నాకు వచ్చిన హిందీలో వివరించే కొద్దీ నా మాట నాకే అబద్ధంలా వినిపించసాగింది. అందుకే చెబుతున్నాను, ఎక్కడికి వెళ్లినా సరే, ఆధార్‌లో ఉన్న పేరునే అక్షరం పొల్లుపోకుండా టికెట్ మీద పెట్టించుకోండి.

చివరకు అతని పైవాడు వచ్చాడు. కార్డు చూడలేదు, టికెట్ చూడలేదు. నన్ను తల నుంచి చెప్పుల దాకా చూశాడు. ఇస్త్రీ చొక్కా, ప్యాంటు లోపలికి దోపుకుని ఉన్నాను. "సరే అంకుల్, వీళ్ల పాట ఒకటి చెప్పండి చూద్దాం" అన్నాడు. ఇరవై ఏడేళ్లుగా ఉద్యోగంలో ఇతరుల కాగితాలు సరిచూస్తున్న నన్ను, నా డబ్బుతో కొన్న టికెట్‌కు మౌఖిక పరీక్ష పెట్టారు. పాట పేరు చెప్పలేదు. క్రిస్ మార్టిన్, జానీ బక్లాండ్, గై బెర్రీమన్, విల్ ఛాంపియన్ అని నలుగురి పేర్లూ చెప్పి, ఎవరు ఏ వాద్యం వాయిస్తారో కూడా చెప్పి, వీళ్ల తొలి ఆల్బమ్ 2000 సంవత్సరంలో వచ్చిందని, దాని క్యాసెట్ నేను విజయవాడ బీసెంట్ రోడ్డులో కొన్ననాటికి ఈ అబ్బాయి పుట్టి ఉండడని ముగించాను. వరుసలో ఉన్న పిల్లలు చప్పట్లు కొట్టారు. నిజం చెప్పాలంటే పరీక్ష కన్నా ఆ చప్పట్లే ఎక్కువ గుచ్చుకున్నాయి. సర్కసులో ఏనుగు స్టూలు ఎక్కితే కొట్టే చప్పట్లు అవి. అప్పటిదాకా దూరంగా నిలబడి చూస్తున్న ఒక మహిళా కానిస్టేబుల్ ముందుకు వచ్చి, కార్డు మీద ఫొటో ఒకసారి, నా ముఖం ఒకసారి చూసి, లోపలికి పంపమని చెప్పింది. అర నిమిషం పట్టింది. ఇటువంటి చోట్ల వలంటీర్లతో వాదించకండి, నేరుగా పోలీసు దగ్గరికి వెళ్లండి.

ముప్పావు గంట అలా పోయింది. నా సీటు పై అంతస్తులో దాదాపు చివరి వరుస. అక్కడి నుంచి వేదిక అగ్గిపెట్టెంత కనిపించింది. తెర మీద క్రిస్ మార్టిన్ పెదవులు కదిలిన తరువాత గానీ పాట మాకు చేరలేదు. అయినా 'ఎల్లో' మొదలైనప్పుడు కచేరీకి వచ్చినవాళ్లకు ఇచ్చిన, లైట్లు వెలిగే పట్టీలు లక్ష మంది మణికట్ల మీద ఒక్కసారి పసుపుపచ్చగా వెలిగితే, నా ముంజేతి మీది నెరిసిన వెంట్రుకలు కూడా పసుపు రంగుకు తిరిగాయి. ఆ పాట సాగినంతసేపూ గేటు గుర్తుకు రాలేదు. రహమాన్ 'మా తుఝే సలామ్'ను క్రిస్ మార్టిన్ అందుకున్నప్పుడు, బుమ్రా తెర మీద కనిపించినప్పుడు కేకలు మిన్నుముట్టాయి. నా ముందు కూర్చున్న యువకుడు మాత్రం కచేరీ మొత్తాన్ని ఫోను తెరలోనే చూశాడు. అతనికి ఎవరూ పరీక్ష పెట్టలేదు.

బయటికి వస్తూ పట్టీ తిరిగి ఇచ్చేశాను. దాచుకోవాలని అనిపించింది గానీ, మళ్లీ ఏ ప్రశ్న వస్తుందోనని భయపడ్డాను. అర్ధరాత్రి మెట్రో కిక్కిరిసి ఉన్నది. అదే కచేరీ టీషర్టు వేసుకున్న కుర్రాడొకడు లేచి, "కూర్చోండి అంకుల్" అన్నాడు. మోకాళ్లు అప్పటికే లాగేస్తున్నాయి. కూర్చున్నాను.