వడగాలికి ఎదురుగా హుజూరాబాద్ నుంచి కరీంనగర్ దాకా

వైశాఖ బహుళ దశమి నాటికి కొండగట్టు చేరి అంజన్న సన్నిధిలో హనుమాన్ దీక్ష మాల విరమణ చేయాలని హనుమకొండ నుంచి కాలినడకన బయలుదేరిన మా బృందానికి అసలు పరీక్ష హుజూరాబాద్ దాటిన తరువాత ఎదురైంది. చైత్ర పౌర్ణమి నాటి చిన్న హనుమాన్ జయంతికి ఎండలు ఇంకా పూర్తిగా ముదరవు. వైశాఖ దశమి నాటి పెద్ద జయంతి మాత్రం తరచుగా రోహిణి కార్తెకు అటూ ఇటూగా వస్తుంది కాబట్టి, రోళ్లు పగిలే ఎండల్లోనే దీక్షాపరులు నడవవలసి ఉంటుంది. హుజూరాబాద్ నుంచి కరీంనగర్ సుమారు 40 కిలోమీటర్లు. ఆ దారి వాయవ్యంగా సాగుతుంది, వేసవిలో వడగాలి కూడా ఎక్కువగా అటునుంచే వీస్తుంది. అంటే గాలి రోజంతా ముఖం మీదికే.

గురుస్వామి పెట్టిన నియమం కఠినమైనది. తెల్లవారుజామున స్నానం, పూజ ముగించుకొని మూడు గంటలకల్లా రోడ్డెక్కాలి, పదిన్నర తరువాత ఎవరూ అడుగు కదపకూడదు, సాయంత్రం ఐదు దాటాకే మళ్లీ బయలుదేరాలి. కేశవపట్నం దాకా నడక హాయిగానే సాగింది. అక్కడికి దగ్గరలోనే మొలంగూరు కోట ఉంది. ఓరుగల్లుకూ ఎలగందులకూ మధ్య ప్రయాణించే కాకతీయ అధికారులకు అది మజిలీగా ఉండేదని చెబుతారు. అక్కడి దూద్ బావి నీళ్లు రుచి చూడాలని నాకు ఎంతో కోరిక ఉన్నా, దారి తప్పి పోవడానికి గురుస్వామి ఒప్పుకోలేదు.

ఎనిమిది దాటగానే గాలి లేచింది. మొదట్లో అది సుఖంగానే అనిపించింది, అసలు ప్రమాదం అక్కడే ఉంది. మన చర్మం ఉష్ణోగ్రత దాదాపు 35 డిగ్రీలు ఉంటుంది. గాలి అంతకంటే వేడెక్కిన తరువాత అది ఒంట్లోని వేడిని తీసుకుపోవడం మాని, తన వేడినే ఒంటికి ఎక్కిస్తుంది. ఇక మనల్ని చల్లబరిచేది చెమట ఆరడం ఒక్కటే. పొడిగాలిలో ఆ చెమట పుట్టిన వెంటనే ఆరిపోవడం వల్ల, ఒళ్లు తడవలేదు కాబట్టి నీళ్లు పోలేదని మనిషి భ్రమపడతాడు. నా కాషాయ కండువా అంచున తెల్లటి ఉప్పు చారలు ఒకదాని మీద ఒకటి ఏర్పడడం చూశాకే, ఒంట్లోంచి ఎంత పోతున్నదో నాకు అర్థమైంది.

"దూప అయినంక తాగుడు కాదు స్వామీ, దూప కాకముందే తాగాలె" అని గురుస్వామి ప్రతి అరగంటకూ అందరినీ ఆపి తాగించేవారు. లీటరు నీటికి ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు చొప్పున కలిపిన సీసాలు మా వెంట వచ్చే ఆటోలో ఉండేవి. ఉత్త నీళ్లే అదే పనిగా తాగితే రక్తంలో ఉప్పు పలచబడి వాంతులు, తలనొప్పి మొదలవుతాయి. ఊళ్ల దగ్గర చలివేంద్రాల్లో ఇచ్చిన ఉప్పు వేసిన జొన్న అంబలి మాత్రం ఏ సీసా కంటే మేలనిపించింది.

దీక్షలో చెప్పులుండవు. తొమ్మిది తరువాత తారు మీద పాదం మోపడం కష్టమై, రోడ్డు అంచున గీసిన తెల్ల గీత మీదే వరుసగా నడిచాము. తెలుపు ఎండను వెనక్కి కొడుతుంది కాబట్టి అక్కడ వేడి తక్కువ. మట్టి అంచున నడుద్దామంటే సర్కారు తుమ్మ ముళ్లు. రోడ్డు విస్తరణ జరిగిన చోట నీడనిచ్చే పెద్ద చెట్టు ఒక్కటీ మిగలలేదు. నాలుగు వరుసల రోడ్డు వేసేవారికి నడిచేవారు గుర్తుకు రారేమో.

పది గంటల వేళ, మొదటిసారి మాల వేసుకున్న ఒక స్వామి కారణం లేకుండా విసుక్కోవడం మొదలుపెట్టి, కాసేపటికి మాట తడబడి, గీత మీద నడవలేక పక్కకు తూలాడు. ఇది కోపం కాదు, వడదెబ్బ లక్షణమని గురుస్వామి వెంటనే గుర్తించారు. ఒంటి వేడి 40 డిగ్రీలు దాటి మనిషి తికమకపడితే అది ప్రాణాంతకమే కాబట్టి, ఒకరు 108కు ఫోన్ చేస్తుండగానే మిగిలినవాళ్లం అతణ్ని వేపచెట్టు కిందికి మోసి, బట్టలు వదులు చేసి, తడిపిన పంచె కప్పి, దాని మీద నీళ్లు చల్లుతూ ఉన్నాము. అప్పటిదాకా మమ్మల్ని ఎండగట్టిన ఆ గాలే, తడి బట్ట మీదుగా వీచేసరికి కూలర్‌లా పనిచేసింది. అంబులెన్స్ వచ్చేసరికి అతడు తన పేరు, ఊరు సరిగ్గా చెప్పగలిగాడు. కరీంనగర్‌లో సెలైన్ ఎక్కించి సాయంత్రానికి పంపించారు. అయినా ఆపై అతణ్ని ఆటోలోనే కూర్చోబెట్టారు.

మధ్యాహ్నమంతా ఒక రైస్ మిల్లు రేకుల షెడ్డులో గోనెసంచులు తడిపి వేలాడదీసుకొని పడుకున్నాము. అక్కడే భిక్ష, అంటే దీక్షలో మా మధ్యాహ్న భోజనం. అయిదు తరువాత లేచి మానకొండూరు, అలుగునూరు మీదుగా నడిచి, రాత్రి బాగా పొద్దుపోయాక మానేరు వంతెన దాటాము. గంగాధర మీదుగా కొండగట్టుకు ఇంకా దాదాపు 35 కిలోమీటర్లు మిగిలి ఉన్నందున, అందరి పాదాలూ పరీక్షించిన గురుస్వామి మరునాడు మూడింటికి బదులు రెండింటికే బయలుదేరాలని నిర్ణయించారు.