ఆల్టో వాళ్ళకు పాట రాదు

మా చర్చి యూత్ క్వయిర్‌లో నేను ఆల్టో, అంటే ఆడవాళ్ళ గొంతుల్లో కింది వరుస. పాడుతున్నట్టే కనిపిస్తాను గానీ, నిజం చెప్పాలంటే పాట నాకు రాదు. ట్యూన్ అంతా పై గొంతు పాడే సోప్రానో వాళ్ళ సొత్తు. వాళ్ళ కింద రెండు మూడు స్వరాల మధ్య తచ్చాడటం మా పని. ఈ గుట్టు ఇన్నేళ్ళుగా బయటపడలేదు. సంక్రాంతి సెలవుల్లో డోర్నకల్ వైపు మిషన్ టూర్‌కి వెళ్ళినప్పుడు మిరపకాయల కుప్ప ముందు బయటపడింది.

గుంటూరులో తెల్లవారుజామున నాలుగున్నరకు టెంపో ట్రావెలర్ ఎక్కాం. పద్నాలుగు మందిమి, కీబోర్డ్, తబలా జత, డోలక్, రెండు స్పీకర్లు, అమ్మగారు కట్టించిన పులిహోర గిన్నె. చోటు చాలక కీబోర్డ్‌ని సీట్లో పడుకోబెట్టి, వాయించే తమ్ముడు కింద కూర్చున్నాడు. దాని మీద ఎవరైనా చెయ్యి వేస్తే చాలు, నిద్రలోంచి లేచి మరీ కసిరేవాడు.

ఇబ్రహీంపట్నం దగ్గర హైదరాబాద్ రోడ్డు వదిలేసి మైలవరం, తిరువూరు మీదుగా వెళ్ళాం. మామిడి తోటల్లో అప్పుడప్పుడే పూత. తిరువూరు దాటాక డ్రైవర్ బాబాయ్ బండి పక్కకు తీసి ఆపాడు. మన ఆంధ్రా బండి తెలంగాణలోకి పోవాలంటే కట్టాల్సిన పర్మిట్ ట్యాక్స్ సంగతి అందరం మర్చిపోయాం! ఫోన్‌లో కడదామంటే సిగ్నల్ లేదు. ఆ ముప్పావుగంటలో క్వయిర్ లీడర్ అన్న మమ్మల్ని వేపచెట్టు కింద నిలబెట్టి ప్రాక్టీస్ చేయించాడు. పాత కీర్తన ఒకదాన్ని ఆయనే నాలుగు గొంతులకు విడగొట్టాడు. రెండు నెలలుగా దాని మీదే కుస్తీ. ఆ వేపచెట్టు కింద వచ్చినంత బాగా మాకది మళ్ళీ ఎక్కడా రాలేదు. విన్నది మేకలూ వాటి కాపరీ.

మధ్యాహ్నం ఖమ్మంలో ఒక విశ్వాసుల ఇంట్లో భోజనం. పచ్చిపులుసు, వంకాయ కూర, ఆఖర్న పళ్ళెం నిండా సకినాలు. నూనె సరుకు తింటే గొంతు పట్టేస్తుందని అన్న ముందే హెచ్చరించాడు. వాము, నువ్వుల వాసన తగిలాక ఆ మాట ఎవరికి గుర్తుంటుంది? ఆయన జేబులోంచి కూడా ఒకటి దొరికింది తర్వాత.

డోర్నకల్‌లో ఎపిఫనీ కెథడ్రల్, అంటే బిషప్ పీఠం ఉండే పెద్ద చర్చి, చూడాలన్నది నా చిన్నప్పటి కోరిక. ఇంగ్లండులోంచి ఎత్తుకొచ్చి పెట్టినట్టు ఉండే చర్చి కాదది. గుమ్మటాలు చూస్తే మసీదు గుర్తొస్తుంది, లోపలి స్తంభాలు చూస్తే గుడి మంటపం. కట్టడానికి ఏళ్ళూ పూళ్ళూ పట్టి, 1939లో ప్రతిష్ఠ జరిగింది. దాని వెనకున్న మనిషి బిషప్ అజరయ్య. ఆయనది తిరునెల్వేలి ప్రాంతం, మాతృభాష తమిళం. నిజాం రాజ్యంలోని ఈ మూలకు మిషనరీగా వచ్చి తెలుగు నేర్చుకున్నారు. 1912లో బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో, అంటే ఇంగ్లండు చర్చి శాఖలో, ఒక భారతీయుడికి ఆ పదవి దక్కడం అదే మొదలు. 1945 జనవరి 1న ఇక్కడే కన్నుమూశారు. ఆరాధనలో పల్లెవాళ్ళకు తెలిసిన రాగాలూ తాళాలే ఉండాలనే పక్షం ఆయనది. అది తెలిసీ, అక్కడ నిలబడి, కీర్తనను నాలుగు ముక్కలు చేసి పాడబోతున్నామని నాకు లోపల కొంచెం బెరుకుగానే ఉంది.

అనుమతి తీసుకుని పాడాం. రాతి గోడల మధ్య మగవాళ్ళ కింది వరుస పాడే మా బాస్ వాళ్ళ గొంతు తిరిగొచ్చేసరికి సోప్రానో వాళ్ళు తర్వాతి మాటలో ఉన్నారు. ఎవరి ప్రతిధ్వని ఎవరిదో తెలియక రెండో చరణం అక్కడే కలగాపులగం. జంక్షన్ వైపు నుంచి గూడ్సు కూత వినబడి, అదే వంకగా ఆపేశాం.

సాయంత్రం గార్ల వైపు ఒక పల్లెలో కూడిక. రేకుల చర్చి, బయట టెంటు. జనం బాగా వచ్చారు. కీర్తన మొదలెట్టగానే వాళ్ళూ అందుకున్నారు, రెండు వరుసలు పాడి ఆగిపోయారు. మా నడక వాళ్ళ నడక కాదు. వాళ్ళ చప్పట్లు ఒక చోట, మా తాళం ఒక చోట. చివర్లో "మస్తు పాడిన్రు" అన్నారు. అది మర్యాదకన్నదని నాకు అర్థమైంది. అన్నకు మాత్రం అర్థమైనట్టు లేదు, రాత్రంతా హుషారుగా ఉన్నాడు.

పొద్దున్నే ఇళ్ళు దర్శించడానికి ముగ్గురేసి విడిపోయాం. మాకు తగిలిన ఇంట్లో ఒక అవ్వ అరుగు మీద కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తోంది. వేళ్ళ కొసలు ఎర్రబడి ఉన్నాయి. ఆ ఘాటుకి మేం ముగ్గురం తుమ్ముతున్నాం, ఆమెకు చీమ కుట్టినట్టయినా లేదు.

"రాత్రి పాడిన పాట మల్లొక్కసారి పాడు బిడ్డా" అంది నన్ను చూసి.

ఎత్తుకున్నాను. నోట్లోంచి వచ్చింది ఆల్టో! పక్కన సోప్రానో లేకపోతే అది పాట కాదు, ఏదో మూలుగు. అవ్వ తొడిమ తీయడం ఆపి నా మొహంలోకి చూసింది.

"గా పాటేనా ఇది?"

మిగతా ఇద్దరిలో ఒకడు టెనర్ (మగవాళ్ళ పై వరుస, వాడిదీ ట్యూన్ కాదు), ఒకడు తబలా. ఇంకెవరు ఆదుకుంటారు? చివరికి అవ్వే ఎత్తుకుంది. మేం పాడే వేగంలో సగం కూడా లేదు. పల్లవి దగ్గరికి వచ్చిన ప్రతిసారీ ఒక చిన్న విరుపు, అది మా కాగితాల మీద లేదు. టైం సరిపోదని మేం కోసేసిన చరణాలు కూడా వరసగా వచ్చేస్తున్నాయి. చదువు రాదట, చిన్నప్పుడు వాళ్ళమ్మ నాట్లేస్తూ పాడుతుంటే పట్టుకుందట. నేను ఫోన్ తీసి రికార్డ్ చేశాను. మూడో చరణం నుంచి ఆమె వెనకాలే మెల్లగా ట్యూన్ పట్టుకున్నాను. తప్పు పోతే ఆగి, మిరపకాయ పట్టుకున్న చేత్తోనే తాళం చూపించేది.

తిరుగు ప్రయాణంలో ఆ రికార్డింగ్ వినిపిస్తే కీబోర్డ్ తమ్ముడు స్కేల్ కనుక్కుంటానని ఒళ్ళో కీబోర్డ్ పెట్టుకుని కూర్చున్నాడు. వైరా నుంచి తల్లాడ దాకా అదే పని. డి అన్నాడు. కాదు, డి షార్ప్ అన్నాడు. ఆఖరికి రెంటికీ మధ్యలో ఉందని చేతులెత్తేశాడు. రికార్డింగ్ మధ్యలో కూసిన కోడి మాత్రం కచ్చితంగా జి లోనే ఉందట.