మైనస్ గుర్తు తీసేసిన రోజు

కరెంటు మార్కెట్ లెక్కలు చూసే ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకు జర్మనీ ధరల ఫైల్ ఇచ్చారు. క్రిస్మస్ సెలవుల్లో ఒక రాత్రి వరుసగా ఐదారు గంటలు, ధర ముందు మైనస్ గుర్తు. ఎవరో పొరపాటున కొట్టుంటారని ఆ గుర్తులన్నీ తీసేశాను. మర్నాడు మా సీనియర్‌కి నవ్వాగలేదు. అక్కడి కరెంటు ఎక్స్ఛేంజీలో 2008 నుంచే మైనస్ ధరలకు, అంటే అమ్మేవాడే ఎదురు డబ్బివ్వడానికి, అనుమతి ఉందట!

ఆయన కాగితం మీద గీసి చూపించారు. రేపటి ప్రతి గంటకూ (2025 అక్టోబర్ నుంచైతే ప్రతి పావుగంటకూ) ఏ ప్లాంటు ఎంతకు అమ్ముతుందో ముందే చెప్తుంది. చవకగా ఇచ్చేవాళ్లు ముందు, ఖరీదైనవాళ్లు వెనక. డిమాండ్ తీరడానికి ఆఖరున ఎవరి కరెంటు కావాల్సొచ్చిందో, వాళ్లు అడిగిన రేటే ఆ గంటకు అందరికీ. ఆ ఆఖరివాడు చాలాసార్లు గ్యాస్ ప్లాంటు. గాలిమరకు ఇంధనం ఖర్చు లేదు కాబట్టి వరుసలో మొదట్లోనే నిలబడుతుంది. మరలు పెరిగేకొద్దీ వెనకున్న గ్యాస్ ప్లాంట్ల అవసరం తగ్గి, రేటు దిగుతుంది.

మరి సున్నా కిందికి ఎందుకు? సెలవులకి ఫ్యాక్టరీలు మూత, బయట గాలి హోరు. బొగ్గు ప్లాంటును ఆపి మళ్లీ వేడెక్కించే ఖర్చు కంటే కొన్ని గంటలు ఎదురు డబ్బిచ్చి నడపడమే నయం. యూనిట్‌కు ఇంత అని సర్కారు సాయం అందే గాలిమరలకైతే కాస్త మైనసైనా గిట్టుబాటే.

అసలు తిరకాసు వేరే ఉంది. గాలి వీస్తే ఆ ప్రాంతంలో మరలన్నీ ఒకేసారి తిరుగుతాయి. గాలివేగం రెట్టింపైతే అందులోని శక్తి ఎనిమిది రెట్లు. సరుకు గుట్టలుగా ఉన్నప్పుడు ధర ఉండదు, ధర ఉన్నప్పుడు సరుకుండదు. పంట విరగపండిన ఏడాది రైతు పరిస్థితే! అందుకే మార్కెట్ సగటు ధర పెట్టి గాలి ప్లాంటు ఆదాయం లెక్కేసే వాళ్లని చూస్తే నాకు చిరాకు. మరలు తిరిగిన గంటల్లో పలికిన ధర చూడాలి కదా. మరలు పెరిగేకొద్దీ ఆ రెండింటికీ తేడా పెరుగుతూ పోతుంది.

2024 డిసెంబర్ 12న దీనికి పూర్తిగా ఎదురు. గాలి లేదు, ఎండ లేదు. ఆ సాయంత్రం ఒక గంటకు జర్మనీలో వెయ్యి యూనిట్ల ధర 936 యూరోలు. కొత్తగా చేరిన అమ్మాయి నా దగ్గరకొచ్చి, "సార్, పాయింట్ ఎక్కడో మిస్సైనట్టుంది. 93.6 అని మార్చేస్తున్నా" అంది.

"ముందు కీబోర్డు మీంచి చెయ్యి తియ్యమ్మా" అని, నేనూ ఒక కాగితం తీసుకున్నాను.