కషాయానికి లేబుల్ ఏది?

"అమ్మా, దీని మీద ఏమీ రాసి లేదేంటి?" అంది పాప, కషాయం గ్లాసును చుట్టూ తిప్పి చూసి. సిరప్ సీసా మీద ఏ వయసుకు ఎంత, ఎన్ని గంటలకోసారి, ఎవరు తాగకూడదు అన్నీ రాసి ఉంటాయి. ఏది తిన్నా వెనక్కి తిప్పి అందులో ఏముందో చదవాలని బడిలో నేర్పారు, ఇంట్లో మేమూ నేర్పాం. ఆ అలవాటుతోనే అడిగింది. అల్లం ఎంత వేశావు అంటే "కొంచెం" అన్నాను. మిరియాలు ఎన్ని అంటే "నాలుగో ఐదో" అన్నాను. నేనెంత తాగాలి అంటే "ఉన్నదంతా" అన్నాను. గ్లాసు పక్కకు జరిపి వెళ్లిపోయింది. తాగలేదని కోపం వచ్చిన మాట నిజం. కానీ ఆ మూడు ప్రశ్నల్లో అడగకూడనిది ఒక్కటీ లేదు. పరాయి దేశంలో పెరిగే పిల్లలున్న చాలా ఇళ్లలో ఈ ప్రశ్నలు వచ్చే ఉంటాయి కాబట్టి, ఆ లేబుల్ మీద ఏం రాయాలో ఇక్కడ రాస్తున్నాను.

ముందు కషాయం. ఆరేళ్లు దాటిన పిల్లకు ఒక రోజుకు 200 మిల్లీలీటర్ల నీళ్లు, చెక్కు తీసి కచ్చాపచ్చాగా దంచిన అల్లం మూడు గ్రాములు (బొటనవేలి గోరంత ముక్క), మిరియాలు రెండు, తులసి ఆకులు ఐదారు చాలు. అల్లం, మిరియాలు నీళ్లలో వేసి, గిన్నె మీద మూత పెట్టి, సన్నని సెగ మీద ఎనిమిది నుంచి పది నిమిషాలు ఉంచాలి. పొయ్యి ఆపాక తులసి ఆకులు నలిపి వేసి, మళ్లీ మూత పెట్టి ఐదు నిమిషాలు వదిలేయాలి. వడకట్టి, గోరువెచ్చగా అయ్యాక ఒక టీస్పూన్ తేనె కలపాలి. అందులో సగం పొద్దున, సగం రాత్రి. ఈ కొలతలు వంటింటి అనుభవంలో కుదిరినవి, ఆసుపత్రుల్లో పరీక్షించి తేల్చినవి కావు. లేబుల్ అన్నాక ఆ సంగతి కూడా దాని మీద ఉండాలి.

పిల్లలు ఒక్క గుక్కతోనే వద్దనడానికి కారణం చాలాసార్లు కాచే పద్ధతిలోనే ఉంటుంది. మిరియాలను పొడి చేసి వేస్తే ఘాటంతా ఒక్కసారిగా దిగి గొంతు మండుతుంది. గింజను ఒక్క దెబ్బకు పగలగొట్టి వేస్తే సరిపోతుంది. మూత తీసి మరిగిస్తే తులసిలోని సువాసన నూనెలు ఆవిరితో పాటు పోయి, చేదు మాత్రం గిన్నెలో మిగులుతుంది. వంటిల్లంతా ఘుమఘుమలాడిందంటే గ్లాసులోకి రావలసింది గాలిలో కలిసినట్టే. పచ్చి అల్లం దొరకక సొంఠి వేసేవాళ్లు అదే కొలత వేస్తారు, అదే పొరపాటు. అల్లం ఎండేటప్పుడు నీరు పోతుంది, దానికి ఘాటునిచ్చే జింజెరాల్స్‌లో కొంత భాగం అంతకంటే ఘాటైన షోగాల్స్‌గా మారుతుంది. మూడు గ్రాముల అల్లానికి బదులు పావు టీస్పూన్ సొంఠి పొడి దాటకూడదు. ఒక వంతు మందుకు పదహారు వంతుల నీళ్లు పోసి నాలుగో వంతుకో ఎనిమిదో వంతుకో మరిగించే పాత లెక్క ఒకటుంది. అది వైద్యుడు మనిషిని చూసి ఇచ్చే మందుకు సంబంధించిన లెక్క. దాన్ని పసిపిల్లల జలుబుకు వాడితే కడుపులో మంట తప్ప ఒరిగేదేమీ లేదు.

పాలలో పచ్చి అల్లం వేస్తే విరిగిపోతాయి. అల్లంలో పాలలోని మాంసకృత్తులను విడగొట్టే ఎంజైమ్ ఉంటుంది. ముందు నీళ్లలో అల్లాన్ని బాగా మరగనిచ్చి తర్వాత పాలు పోస్తే, ఆ వేడికి ఎంజైమ్ చచ్చిపోయి పాలు నిలుస్తాయి. పసుపు పాలకు కప్పుకు పావు టీస్పూన్ పసుపు చాలు. అది కూడా పాలలో మూడు నాలుగు నిమిషాలు ఉడకాలి. గ్లాసులో పైన చల్లి కలిపితే పచ్చివాసన పోదు, ఆ వాసనకే పిల్లలు మొహం తిప్పుకుంటారు. పసుపులోని కర్క్యుమిన్ ఒంటికి చాలా తక్కువగా పడుతుంది. మిరియాల్లోని పైపరిన్ అలా ఒంటికి పట్టే మోతాదును బాగా పెంచుతుందని 1998లో ఒక ప్రయోగం చూపించిన మాట నిజమే. అయితే అక్కడ వాడింది రెండు గ్రాముల శుద్ధ కర్క్యుమిన్. చిటికెడు పసుపుకు ఆ ఫలితం వర్తిస్తుందని పిల్లలకు చెప్పడం న్యాయం కాదు.

ఇవన్నీ ఒక ఎత్తు, తేనె ఒక ఎత్తు. దగ్గుకు ఇంట్లో ఇచ్చేవాటిలో పిల్లల మీద సరిగ్గా పరీక్షించినవి చాలా తక్కువ, వాటిలో ముందు నిలబడేది ఇదే. 2007లో అమెరికాలో రెండు నుంచి 18 ఏళ్ల మధ్య పిల్లలు 105 మందిని మూడు గుంపులు చేసి, పడుకోవడానికి అరగంట ముందు ఒక్కసారి ఒక గుంపుకు తేనె, ఇంకో గుంపుకు దగ్గు మందు ఇచ్చి, మూడో గుంపుకు ఏమీ ఇవ్వకుండా చూశారు. ఏమీ ఇవ్వనివాళ్ల కంటే తేనె తీసుకున్నవాళ్లకు రాత్రి దగ్గు తగ్గింది, నిద్ర పట్టింది. ఆ దగ్గు మందు డెక్స్ట్రోమెథార్ఫాన్ కంటే తేనె ఏమీ తీసిపోలేదు. 2012లో ఇజ్రాయెల్‌లో ఒకటి నుంచి ఐదేళ్ల మధ్య పిల్లలు 300 మంది మీద పది గ్రాముల తేనెతో చేసిన పరీక్షలోనూ, పోల్చి చూడడానికి ఇచ్చిన ఖర్జూరపు పాకం కంటే తేనెదే పైచేయి అయింది. మొదటి పరీక్షలో వాడిన మోతాదులనే లేబుల్ మీద రాయొచ్చు. రెండు నుంచి ఐదేళ్ల వాళ్లకు అర టీస్పూన్, ఆరు నుంచి పదకొండేళ్ల వాళ్లకు ఒక టీస్పూన్, ఆపైన రెండు. పడుకోబోయే ముందు ఇచ్చి, పళ్లు తోమించాలి. ఏడాది నిండని బిడ్డకు మాత్రం నాలుకకు రాసినా ప్రమాదమే. తేనెలో ఉండే ఒక రకం బ్యాక్టీరియా బీజాలు పసిపేగుల్లో మొలకెత్తి బొటులిజం అనే పక్షవాతం లాంటి జబ్బును తెస్తాయి. కాచినా ఆ బీజాలు చావవు. పుట్టగానే తేనె నాకించమనే పెద్దవాళ్లకు ఫోన్‌లో ఈ మాట చెప్పడం కష్టమే. అయినా చెప్పి తీరాలి.

వాము దగ్గర పిల్లలకు చెప్పదగిన మంచి విషయం ఒకటుంది. వాముకు ఘాటునిచ్చేది థైమాల్. ఐరోపా వాళ్లు దగ్గుకు కాచుకునే థైమ్ ఆకులో ఉన్నదీ అదే. శ్వాసనాళాల వాపుకు, దగ్గుకు థైమ్ వాడవచ్చని జర్మనీలో మూలికలను పరిశీలించిన కమిషన్ ఇ ఆమోదించింది. స్నేహితురాలి ఇంట్లో అమ్మమ్మ ఇచ్చే థైమ్ టీ మందు, మన ఇంట్లో అమ్మమ్మ ఇచ్చే వాము నీళ్లు మొరటు నమ్మకం అని పిల్లలు అనుకుంటే, రెండింటి ఘాటూ ఒక్కటేనని చూపించొచ్చు. కప్పు నీళ్లకు పావు టీస్పూన్ వాము వేసి, ఐదు నిమిషాలు మరిగించి, వడకట్టాలి. వేయించిన వామును గుడ్డలో మూటగట్టి ఛాతీకి కాపడం పెట్టేటప్పుడు ముందు మన మణికట్టు లోపలి వైపు ఆనించి, పది అంకెలు లెక్కపెట్టేంతసేపు ఓర్చుకోగలమో లేదో చూడాలి. పెనం మీది వేడి మూట మధ్యలో దాగి ఉంటుంది, పైన ముట్టుకుంటే తెలియదు.

అడ్డసరం ఆకు సంగతీ ఇలాంటిదే. ఆ ఆకులోని వాసిసిన్‌ను ఆధారం చేసుకుని తయారుచేసిందే కఫాన్ని పలచన చేసే బ్రోమ్‌హెక్సిన్. అది 1963లో మందుగా వచ్చింది. ఇప్పుడు చాలా సిరప్‌లలో కనిపించే ఆంబ్రాక్సాల్ దాని నుంచి వచ్చినదే. కాబట్టి ఆకు కషాయం, సిరప్ రెండూ ఒకే రోజు ఇవ్వడం అర్థం లేని పని. వాసిసిన్ గర్భాశయాన్ని సంకోచింపజేస్తుంది, అందుకే గర్భిణులు ఆ ఆకు జోలికి పోకూడదు. అతిమధురం ముక్క చప్పరిస్తే గొంతు గరగర తగ్గుతుంది. వారాల తరబడి వాడితే రక్తంలో పొటాషియం పడిపోయి రక్తపోటు పెరుగుతుంది. బీపీ మందులు వాడే తాతయ్యలు, నానమ్మలు మనవలతో పాటు తామూ చప్పరించకుండా చూసుకోవాలి.

ఇక మానేయవలసినవి. ఇవి రాస్తుంటే చెయ్యి బరువెక్కుతోంది, ఎందుకంటే ఇవన్నీ ప్రేమతో చేసేవే. పసిబిడ్డ ముక్కులో నూనె చుక్కలు వేయడం మొదటిది. ఆ నూనె ఊపిరితిత్తుల్లోకి జారితే బయటికి రాదు, దానివల్ల ఒక రకం న్యుమోనియా వస్తుంది. ముక్కు దిబ్బడకు మందుల షాపులో దొరికే సెలైన్ చుక్కలు చాలు. సాంబ్రాణి పొగ రెండోది. సువాసన ఎంత బాగున్నా పొగ పొగే, వాచిన శ్వాసనాళాలను ఇంకా రేపుతుంది. కర్పూరం మూడోది. మింగితే నిమిషాల్లో మూర్ఛ తెప్పించగలదు, చిన్నపిల్లలకు చాలా కొద్ది మోతాదు కూడా ప్రాణాంతకం. కర్పూరం ఉన్న బామ్‌ను రెండేళ్ల లోపు పిల్లలకు రాయకూడదు, పెద్ద పిల్లలకైనా ముక్కు కింద రాయకూడదు. బామ్ రాయగానే ముక్కు తెరుచుకున్నట్టు అనిపించడం మెంథాల్ వల్ల నరాలకు కలిగే చల్లదనమే, లోపలి వాపు అలాగే ఉంటుంది. ఆవిరి పట్టడం నాలుగోది. దానివల్ల జలుబు తగ్గుతుందని పరీక్షల్లో నిలకడగా తేలలేదు. మరుగునీళ్ల గిన్నె ఒళ్లో ఒలికి పిల్లలు కాలిపోవడం మాత్రం కాలిన గాయాల వార్డుల్లో అందరికీ తెలిసినదే. స్నానాల గదిలో వేడినీళ్లు వదిలి, తలుపు మూసి, పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుంటే ఆ ఊరట దొరుకుతుంది, ప్రమాదం ఉండదు.

అన్నిటికంటే ఎక్కువ బాధ కలిగించేది సూట్‌కేసులో వచ్చే పొట్లాల సంగతి. పసుపుకు రంగు రావడానికి సీసం ఉన్న లెడ్ క్రోమేట్ కలుపుతున్నారని 2019లో బంగ్లాదేశ్‌లో పరిశోధకులు బయటపెట్టారు. స్థానికంగా కొన్న మసాలాల కంటే వేరే దేశాల్లో కొని తెచ్చుకున్నవాటిలో సీసం ఎక్కువగా ఉందని న్యూయార్క్ నగర ఆరోగ్య శాఖ పరీక్షల్లో తేలింది. 2004లో బోస్టన్ చుట్టుపక్కల అమ్ముతున్న 70 ఆయుర్వేద మందులను పరీక్షిస్తే 14 మందుల్లో సీసమో, పాదరసమో, ఆర్సెనిక్కో కనిపించింది. సీసం పిల్లల మెదడుకు చేసే హాని మళ్లీ పూడదు. సిరప్ మీద ప్రతి అక్షరం చదివే నేను, ఇంటి నుంచి వచ్చిన పొట్లాన్ని చదవకుండానే డబ్బాలో పోస్తాను. అక్కడ అనుమానిస్తే అమ్మను అనుమానించినట్టు ఉంటుంది. అక్కడ ఆ రంగును కొమ్ములకే పట్టించారు కాబట్టి, కొమ్ములు కొని ఇంట్లో దంచుకున్నా పూర్తి భరోసా లేదు. పేరు, తయారీదారు లేని మాత్రలు, భస్మాలు, పాదరసం కలిసే రస మందులు పిల్లలకు అసలే వద్దు.

లేబుల్‌లో చివరిది, ఎప్పుడు ఆపాలి అన్నది. జలుబు వారం పది రోజులు ఉంటుంది, దగ్గు రెండు మూడు వారాలు సాగవచ్చు. చీమిడి పచ్చబడినంత మాత్రాన యాంటీబయాటిక్ అవసరం రాదు. బిడ్డ నిద్రలో ఉన్నప్పుడు నిమిషం పాటు ఊపిరి లెక్కపెట్టాలి. రెండు నెలల లోపు 60, ఏడాది లోపు 50, ఒకటి నుంచి ఐదేళ్ల మధ్య 40, అంతకు చేరినా దాటినా వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. డొక్కలు ఎగరేస్తున్నా, పిల్లికూతలు వినిపిస్తున్నా, పెదవులు నీలంగా మారుతున్నా, పాలు తాగలేకపోతున్నా, మూడు నెలల లోపు బిడ్డకు 38 డిగ్రీల సెల్సియస్ జ్వరం వచ్చినా కషాయం మాట ఎత్తకూడదు. అక్కడ డాక్టర్‌కు ఇంట్లో ఏమేం పట్టామో దాచకుండా చెప్పాలి. నవ్వుతారేమోనని దాస్తాం, ఆ దాపరికం వల్ల మందు మీద మందు పడుతుంది.

ఇంతా రాశాక ఒక అనుమానం మిగిలింది. బ్రిటన్‌లోని కార్డిఫ్‌లో జలుబు మీద పనిచేసే పరిశోధకులు ఒకే పళ్లరసాన్ని కొందరికి వేడిగా, కొందరికి మామూలుగా ఇచ్చి చూశారు. వేడిగా తాగినవాళ్లకు గొంతునొప్పి, వణుకు, నీరసం కూడా వెంటనే తగ్గినట్టు అనిపించింది, మామూలుగా తాగినవాళ్లకు అవి తగ్గలేదు. అందులో మిరియాలు లేవు, తులసి లేదు. మరి ఇన్నాళ్లూ పనిచేసింది ఆకా, వేడా, పక్కన కూర్చుని ఊదుతూ తాగించిన మనిషా? రెండు మిరియాలా ఐదా అని పట్టుబట్టిన నా మొండితనం దేనికోసమో ఇప్పుడు నాకు అంత స్పష్టంగా లేదు. పాప వేడి నీళ్లలో తేనె కలిపిస్తే తాగుతానంటోంది. దానికి ఒప్పుకోవడానికి మనసు రావడం లేదు, ఒప్పుకోకపోవడానికి కారణమూ దొరకడం లేదు.

డబ్బాల మీద అతికించడానికి చీటీలు రాస్తున్నాను. పాప తెలుగు వింటుంది, మాట్లాడుతుంది, చదవలేదు. పాప చదివే భాషలో సొంఠి అన్న మాటే లేదు, ఎండిన అల్లం పొడి అని రాయాలి. రెండు భాషల్లో రాద్దామంటే చీటీలో చోటు చాలదు, వయసూ మోతాదూ వదిలిపెట్టలేను. చివరికి పేరు ఒక్కటి తెలుగులో రాసి, తక్కినదంతా పాప భాషలో రాశాను. ఏ డబ్బాలో ఏముందో పేరు చూసి పాప చెప్పలేకపోతే హెచ్చరికలు ఉండి ఏం లాభం అని, ఆ చీటీలను ఇంకా అతికించలేదు.