లంకల్లో ఒక ఏడాది

వారమంతా అమలాపురంలో బ్యాంకు ఉద్యోగం, ఆదివారమైతే గోదావరి పాయల మధ్య ఉండే లంక గ్రామాలు. ఏడాదిగా ఇదే నా జీవితం. పిల్లలకు లెక్కలు చెబుదామని మొదలుపెట్టాం. పెద్దవాళ్ల లెక్క వేరే ఉంది. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులైతే మొదటి వరద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఆ అంకె వినగానే తమ ఊరి కాజ్‌వే (ఏటి మీద తక్కువ ఎత్తులో వేసిన దారి) ఎప్పుడు మునుగుతుందో ముసలాళ్లు చెప్పేస్తారు. అదంతా అడిగి రాసి, ఊళ్లో అందరికీ కనబడేలా అంటించాం. పశువుల్ని ఎప్పుడు ఏటిగట్టు ఎక్కించాలి, నెలలు నిండినవాళ్లను ఎప్పుడు రేవు దాటించాలి అన్నీ అందులో ఉన్నాయి. 2022 జూలై వరద చూసినవాళ్లకి ఈ కాగితం విలువ తెలుసు. ఇంత తృప్తి నాకు ఏ ప్రమోషనూ ఇవ్వలేదు, నిజం. అన్నం పెట్టకుండా పంపని అక్కలందరికీ దణ్ణాలు. వర్షాలు మొదలయ్యేలోపు మిగతా లంకలకూ వెళ్తున్నాం. వచ్చేవాళ్లు మెసేజ్ పెట్టండి.