గ్లాసుల మీద తెల్లపొర

రాత్రి పదకొండు దాటింది. డిష్‌వాషర్‌లో కడిగిన గాజు గ్లాసులు ఆరూ మళ్ళీ మసకబారాయి. తడిగుడ్డతో తుడిస్తే మెరుస్తున్నాయి, ఆరిన రెండు నిమిషాలకు పాలు పోసి వొంపేసినట్టు అదే పొర. అత్తమ్మ ఒక్కటే మాటంది, "చేత్తో తోమితే ఇట్లయితాయా?" అని. దానికి జవాబు తెలిసీ చెప్పలేకపోయాను.

ఇంకోపక్క తాడిపత్రి వదిన సాయంత్రం నుంచి రెండుసార్లు ఫోను. "పండక్కి డిష్‌వాషర్ రేటు తగ్గించినారంట. కొనమంటావా వద్దంటావా, ఒక్క మాట చెప్పు." ఎనిమిదింటప్పుడు గట్టిగా అడిగుంటే వద్దనేదాన్నే. ఇప్పుడు రాయడానికి కూర్చుంటే ఆ మాట రావడం లేదు.

నా కోపం గ్లాసుల మీద కాదు, మిషన్ మీద కూడా కాదు. బిగించడానికి వచ్చినాయన జేబులోంచి పెన్ను లాంటి టీడీఎస్ మీటరు తీసి, నీళ్ళలో ముంచి, ఆ అంకె చూసి ఉప్పు సెట్టింగు పెట్టేసి వెళ్ళిపోయిన తీరు మీద. టీడీఎస్ వేరు, కాఠిన్యం వేరు. టీడీఎస్ అంటే నీళ్ళలో కరిగిన మొత్తం లవణాల లెక్క, అందులో మామూలు ఉప్పూ ఉంటుంది. గ్లాసు మీద సున్నంలా పేరుకునేది మాత్రం కాల్షియం, మెగ్నీషియం. డిష్‌వాషర్‌కు తెలియాల్సింది ఆ రెంటి సంగతే. టీడీఎస్ వెయ్యి ఉన్నా కాఠిన్యం మూడు వందలే ఉండొచ్చు, రెండూ దగ్గర దగ్గరగానూ ఉండొచ్చు. పెన్ను మీటరు ఆ తేడా చెప్పదు. చుక్కల కిట్ ఒకటి దొరుకుతుంది. చిన్న సీసాలో గీత వరకు నీళ్ళు పట్టి, రంగు మారేదాకా మందు చుక్కలు లెక్కబెట్టుకుంటూ వెయ్యాలి. అయిదు నిమిషాల పని. నలభై వేలు పోసి మిషన్ కొన్న ఇంట్లో ఆ అయిదు నిమిషాలు పెట్టకపోతే తర్వాత నెలల తరబడి గ్లాసులు పాడవుతాయి.

కిట్‌లో వచ్చేది పీపీఎం, అంటే లీటరు నీళ్ళలో ఎన్ని మిల్లీగ్రాములో ఆ లెక్క. మిషన్ పుస్తకంలో ఉండేది జర్మన్ డిగ్రీలు, అదీ కాఠిన్యం కొలతే. పీపీఎంను 17.8తో భాగిస్తే డిగ్రీలొస్తాయి. మా కుళాయి నీళ్ళు 230 చూపించాయి, అంటే 13 డిగ్రీలు. మా మిషన్‌లో దానికి ఉప్పు సెట్టింగు హెచ్4. బోరు నీళ్ళు 720, అంటే 40 డిగ్రీలు. దానికి హెచ్7, అన్నిటికంటే పైది. అది 50 డిగ్రీల వరకే. అంతకు మించిన బోరు ఉన్నవాళ్ళకు మిషన్ లోపలి ఏర్పాటు సరిపోదు, బయట కాఠిన్యం తగ్గించే వేరే సాఫ్ట్‌నర్ పెట్టాల్సిందే. ఆయన పెట్టి వెళ్ళింది హెచ్3, తర్వాత కుళాయి నీళ్ళకు నేనే హెచ్4 చేశాను.

ఉప్పు గురించి కూడా ఎవరూ సరిగ్గా చెప్పరు. గిన్నెలు ఉప్పుతో కడుగుతుందా అని అడిగినవాళ్ళు ఉన్నారు. కాదు. అడుగున ఒక డబ్బాలో సన్నటి రెజిన్ పూసలుంటాయి. నీళ్ళలోని కాల్షియాన్ని అవి పట్టుకుని బదులుగా సోడియం వదుల్తాయి. కొన్ని కడుగుళ్ళకు పూసలు నిండిపోతాయి. అప్పుడు చిక్కటి ఉప్పునీళ్ళు వాటి మీదుగా పోయి కాల్షియాన్ని తోసేస్తాయి. ఉప్పు పని అంతవరకే, గిన్నెలను తాకదు. మొదటిసారి ఉప్పు పోసే అర నిండుగా నీళ్ళు పోసి, తర్వాత కిలో పైచిలుకు ఉప్పు పొయ్యాలి. పొంగిన నీళ్ళు తుడిచి, మూత బిగించి, వెంటనే ఒకసారి మిషన్ వేసెయ్యాలి. ఒలికిన ఉప్పునీళ్ళు రాత్రంతా ఉంటే అడుగు స్టీలు కూడా తుప్పు చుక్కలు పడుతుంది. మూత వదులైతే ఆ ఉప్పునీళ్ళే గిన్నెలన్నిటి మీదా చల్లుకుంటాయి.

గళ్ళుప్పు వేస్తే చాలదా అని వదిన అడుగుతుందని నాకు ముందే తెలుసు. చాలదు. సముద్రపు గళ్ళుప్పులో మట్టితో పాటు మెగ్నీషియం, కాల్షియం ఉంటాయి. దేన్ని తీసెయ్యాలని పెట్టామో దాన్నే పోసినట్టు. ప్యాకెట్టు మెత్తటి ఉప్పులో గడ్డకట్టకుండా కలిపే పదార్థం పూసల సందుల్లో పూడుకుంటుంది. డిష్‌వాషర్ ఉప్పంటే శుభ్రం చేసిన పెద్ద పలుకుల సోడియం క్లోరైడే, ఇంకేం విశేషం లేదు, అయినా అదే కావాలి.

వదిన ఇంటి బోకులు తల్చుకుంటే వద్దనే మాటే ముందుకొస్తుంది. ఆ ఇంట్లో సగం సిల్వర్ గిన్నెలు. సిల్వర్ అని మనం పిలిచేది అల్యూమినియం. డిష్‌వాషర్ పొడి క్షారం, ఆ వేడిలో అల్యూమినియం పైపొరను తినేసి నల్లగా చేస్తుంది, ముట్టుకుంటే చేతికి మసి అంటుతుంది. సంగటి చేసే పెద్ద గిన్నె అదే, అల్యూమినియం కుక్కరూ అదే. ఇత్తడి, రాగి, ఇనుప పెనం, నాన్‌స్టిక్, మట్టి కుండ, సంగటి కట్టె, కవ్వం, ఇవన్నీ కూడా బయటే. స్టీలు కుక్కరైతే పెట్టొచ్చు గానీ రబ్బరు, విజిలు తీసి చేత్తో కడుక్కోవాలి. మూతి సన్నగా ఉన్న చెంబులోకి నీటి ధార పోదు, అడుగున పాల జిడ్డు అట్లాగే ఉంటుంది. అంచు కంచాలు కూడా అరల్లో సరిగ్గా కూర్చోవు, ఆ అరలు పింగాణీ ప్లేట్ల కొలతకు చేసినవి. ఒక అర వదిలి ఒక అరలో పెట్టాలి. అంటే పద్నాలుగు మంది సామాను పడుతుందని చెప్పే మిషన్‌లో మన సామాను ఆరేడు మందిది పడుతుంది.

రాగి సంగటి సంగతి వేరే. సంగటి పిండిపదార్థం, వేడి నీళ్ళు తగిలితే ఇంకా గట్టిగా పట్టేస్తుంది. తిన్న వెంటనే చల్లనీళ్ళు పోసి ఇరవై నిమిషాలు నాననిచ్చి, గరిటెతో గీరి పారేసి, ఆ తర్వాతే కంచాలు లోపల పెట్టాలి. అట్లాగే పెడితే అది జిగురు నీళ్ళై మిగతా గిన్నెలకు పూసుకుంటుంది. ఊరిబిండి పలుకులు, ఆవాలు, కరివేపాకు ఈనెలు అడుగు జల్లెడలో చేరతాయి. వారానికి రెండుసార్లు దాన్ని ఎడమకు తిప్పి పైకి లాగి, పాత బ్రష్షుతో తోమాలి. పైన తిరిగే రెక్కల చిల్లుల్లో ఆవగింజ ఇరుక్కుంటే ఆ వైపు గిన్నెలకు ధార అందదు. టూత్‌పిక్‌తో పొడిస్తే వచ్చేస్తుంది.

ఇంత చాకిరీ ఉన్నదాన్ని పనిలేకుండా చేసే మిషన్ అని ఎట్లా అమ్ముతారో.

ఇక్కడి దాకా రాసి ఆపేద్దామనుకున్నా. జేజి, అంటే నాయనమ్మ, గిన్నెలు తోమే తీరు గుర్తొచ్చింది.

జేజి పద్ధతిలో మూడు బేసిన్లు. అంతకు ముందు అసలు నీళ్ళే తాకవు. పొయ్యిలోని బూడిద, పీచు తీసుకుని నూనె గిన్నెలను పొడిగానే రుద్దేది. జిడ్డంతా బూడిద పీల్చుకుంటుంది. కట్టె బూడిదలో పొటాషియం కార్బొనేట్ ఉంటుంది, అదీ క్షారమే, నూనెతో కలిసి అక్కడికక్కడ కొంచెం సబ్బవుతుంది. ఇప్పుడు మిషన్ పొడిలో వేసే సోడియం కార్బొనేట్ దానికి వరుసకు తమ్ముడు. వరస కూడా తప్పేది కాదు. ముందు గ్లాసులు, తర్వాత పాల గిన్నెలు, కంచాలు, చివరికి కూర గిన్నెలు. మొదటి బేసిన్లో ముంచి తీసి, రెండోదాంట్లో జాడించి, మూడోదాంట్లో తేర్చి, ఎండలో బోర్లించేది. మొదటి బేసిన్ మురికైతే దాన్ని అరటిచెట్టుకు పోసి, రెండోది మొదటి చోటికి, మూడోది రెండో చోటికి జరిగేది. కొత్త నీళ్ళు ఎప్పుడూ మూడోదాంట్లోకే. ఇత్తడి చెంబులకు మాత్రం చింతపండు, పులుపు ఆ నల్లదనాన్ని కరిగిస్తుంది. పదిమంది తిన్న బోకులకు ఒక బిందె నీళ్ళు, మహా అయితే ఒకటిన్నర. పదిహేను, ఇరవై లీటర్లు. నీళ్ళ ట్యాంకరు కోసం ఎదురుచూసే ఎండాకాలాల్లో పుట్టిన పద్ధతి అది. తర్వాత సింకు వచ్చింది, కుళాయి వచ్చింది. కుళాయి నిమిషానికి ఆరేడు లీటర్లు పోస్తుంది. ఇరవై నిమిషాలు విప్పి తోమితే నూట ఇరవైకి తక్కువ కాదు.

మిషన్ చేసేది అచ్చం జేజి పనే. మూడు నాలుగు లీటర్లు పట్టుకుంటుంది, వాటినే మళ్ళీ మళ్ళీ చిమ్ముతుంది, మురికైతే వొంపేసి కొత్తవి పట్టుకుంటుంది. మూడు నాలుగు విడతలు. మొత్తం పది లీటర్ల చిల్లర. ఎకో అంటే మూడు గంటలు పడుతుందని ఈయన విసుక్కుంటారు గానీ, ఆ మూడు గంటలే దాని కిటుకు. నీళ్ళు 50 డిగ్రీలకే వేడి చేసి, నాన్చి, పొడిలోని ఎంజైములకు అన్నం మెతుకులనూ పప్పునూ విడగొట్టే టైమిస్తుంది. కరెంటు ఒక యూనిట్ లోపో, కాస్త అటూ ఇటో. 70 డిగ్రీల ప్రోగ్రాము గంట తొందరగా అయిపోతుంది, యూనిట్‌న్నర తింటుంది. ఒక్క తేడా మాత్రం ఉంది. జేజి నీళ్ళు చెట్టుకు పోయేవి. మిషన్ నీళ్ళలో సోడియం, క్షారం ఉంటాయి, రోజూ చెట్టుకు మళ్ళిస్తే నేల చౌడుబారుతుంది. మా వీధిలో ఒకరు కొబ్బరిచెట్టుకు పైపు పెట్టారు, తీయించమని చెప్పాలి.

అనంతపురంలో పది లీటర్లతో సరిపెట్టడమంటే మాట కాదు. ఈ లెక్క సాయంత్రమే ఎందుకు వేసుకోలేదో.

అప్పుడు లేచి గ్లాసుల దగ్గరకు పోయాను. తెల్లపొర రెండు రకాలు. ఒకటి పైన పేరుకున్న సున్నం, పులుపు తగిలితే కరుగుతుంది. రెండోది గాజే అరిగిపోవడం. నీళ్ళలో కాఠిన్యం మరీ తక్కువై, పొడి ఎక్కువై, వేడి ఎక్కువైతే గాజు పైపొర తినుకుపోతుంది, అది ఇంక తిరిగి రాదు. నిమ్మచెక్క రుద్ది రెండు నిమిషాలు ఆగి కడిగాను. అయిదు గ్లాసులు తళతళలాడాయి. సున్నమే! ఈ వారం కుళాయి నీళ్ళు రాక సంపులోకి బోరు వదిలారు, ఆ మాట నాకు చెప్పలేదు. మిషన్ కుళాయి నీళ్ళ హెచ్4 మీదే ఉంది. నీళ్ళు మారాయి, అంకె మారలేదు. కుళాయిలో పీఏబీఆర్ (పెన్న అహోబిలం రిజర్వాయరు) నీళ్ళు వచ్చినన్నాళ్ళు ఒక అంకె, బోరు వేసినప్పుడు ఇంకో అంకె. సంపు మూత దగ్గర సుద్దతో రాసి పెట్టాలి, ఏ నీళ్ళు ఉన్నాయో.

ఆరో గ్లాసు ఎంత రుద్దినా రాలేదు. ఎప్పుడూ కింది అరలో, 70 డిగ్రీల్లో పెద్ద గిన్నెల మధ్య పడేది అదే. గాజు గ్లాసులు పై అరలోనే పెట్టాలని ఇంట్లో అందరికీ మళ్ళీ చెప్పాలి.

ఇక వదినకు. తాడిపత్రి అంటేనే బండల ఊరు, ఆ బండలు సున్నపురాయి. ఆ రాతి సందుల్లోంచి వచ్చే నీళ్ళలో కాల్షియం ఉండకుండా ఎట్లా ఉంటుంది? కాబట్టి ముందు చుక్కల కిట్. కాఠిన్యం 50 డిగ్రీలు దాటితే సాఫ్ట్‌నర్ ఖర్చు కూడా కలుపుకోవాలి. తర్వాత నీటి వత్తిడి. ట్యాంకు పది మీటర్ల ఎత్తున ఉంటే వత్తిడి ఒక బార్. వాళ్ళది ఒకే అంతస్తు, మిద్దె మీద ట్యాంకు. మిషన్ దగ్గర అరబార్ కూడా రాదు, చాలా మిషన్లకు అదే కనీసం. నీళ్ళు నిండక మధ్యలో కుళాయి గుర్తు వెలిగి ఆగిపోతుంది. ట్యాంకు కింద చిన్న ప్రెషర్ పంపు పెట్టించాలి. హీటరు రెండు వేల వాట్లకు పైనే ఉంటుంది కనుక గీజరుకు పెట్టే 16 ఆంపుల ప్లగ్గే కావాలి, ఎక్స్‌టెన్షన్ వైరు అసలు వద్దు. ఇన్వర్టరు మోయదు.

డబ్బు లెక్క పెద్దదేం కాదు. డిష్‌వాషర్ సబ్బు బిళ్ళ, ఉప్పు, మెరుపు మందు (రిన్స్ ఎయిడ్), కరెంటు కలిసి మా ఇంట్లో ఒక కడుగుడుకు పాతిక రూపాయలకు అటూ ఇటూ. బిళ్ళ బదులు పొడి వాడితే తగ్గుతుంది. ఒక చెంచాన్నర చాలు. మామూలు గిన్నెల లిక్విడ్ మాత్రం ఒక్క చుక్క కూడా పొయ్యొద్దు, నురగ తలుపు సందుల్లోంచి బయటికొస్తుంది.

వదినావాళ్ళు ఆరుగురు, రెండు పూటలా స్టీలు కంచాలు, టిఫిను బాక్సులు. సిల్వర్ గిన్నెల్లో రెండింటిని స్టీలుకు మార్చుకుంటే మిషన్ రోజూ నిండుతుంది. నిండే ఇంట్లోనే దానికి విలువ. సాయంత్రం వద్దనుకున్నది నా గ్లాసుల కోపంతో. సంగటి గిన్నె మాత్రం ఎట్లాగూ చేత్తోనే, అది ముందే చెప్పెయ్యాలి, కొన్నాక తెలిస్తే నన్నే అంటుంది.

పొద్దున్నే ఫోన్ చేసి మిషన్ మాట ఎత్తకముందు ఒక లీటరు సీసాలో వాళ్ళ బోరు నీళ్ళు బస్సులో పంపమంటాను. కిట్‌లో మందు ఇంకా సగం ఉంది. హెచ్7 పెట్టేసి, ఉప్పు నింపి, గ్లాసులు పై అరలో సర్ది మిషన్ వేశాను. రెండున్నరకు అయిపోతుంది.