ద్వారబంధానికి మేకులు

మా ఇంట్లో పెద్దాయన అలిగి ముందే పడుకున్నారు. మిగతావాళ్ళకి ఈ గోల వినే ఓపిక లేదు. కాబట్టి ఇక్కడే కక్కేస్తున్నాను.

ఇవాళ్టి ఉపన్యాసం ఫ్లెక్సీ కోసం, రాజమండ్రిలో కమిటీ సభలు జరిపే పాత మండువా ఇంటి టేకు ద్వారబంధానికి మేకులు దిగ్గొట్టారు. పక్కనే రెండు స్తంభాలున్నాయి, తాడు కడితే సరిపోయేది. అడిగితే ఆ కుర్రాడు, "నాలుగు మేకులేనండీ మేష్టారూ, రేపు పీకేస్తాం, ఆయ్" అన్నాడు.

పీకడంలోనే ఉంది అసలు తంటా. పట్టకారు మొన నేరుగా చెక్కకి ఆనించి లాగితే అక్కడ సొట్ట పడుతుంది. కింద ప్లైవుడ్ ముక్క పెట్టి, మేకుని కాస్త కాస్తగా అటూ ఇటూ కదుపుతూ తియ్యాలి. తియ్యకుండా వదిలేస్తే ఇంకా ఘోరం: గోదారి గాలిలో తేమకి ఇనుము తుప్పు పడుతుంది, తుప్పుకి మేకు ఉబ్బుతుంది, చెక్క నార వెంబడి చీలుతుంది. చుట్టూ నల్లటి మరక దిగుతుంది, అది చిత్రికపట్టినా పోదు. కన్నంలో పుట్టీ కూరితే రెండు వర్షాకాలాలకి ఊడి పడుతుంది. అదే టేకు పుల్లని సన్నగా చెక్కి, ఫెవికాల్ రాసి దించి, ఆరాక ఉలితో సాపు చేస్తే నిలుస్తుంది.

కోపం మేకుల మీద కాదేమో. అదే ఇంటి ఉత్తరపు గోడ గుర్తొచ్చింది.

ఆ గోడకి అడుగున పెచ్చులూడుతున్నాయని, పనివాళ్ళని పెట్టి మూడడుగుల ఎత్తు సిమెంటు పూయించారు. నున్నగా, బూడిదరంగులో, చూడ్డానికి బాగుందని ఫొటోలు కూడా దిగారు. పాత గోడ ఇటుకా గానుగ సున్నమూ. నేలలోంచి తేమ పైకి ఎక్కుతుంది, సున్నం పూతలోంచి గాలికి ఆరిపోతుంది. సిమెంటు ఆ దారి మూసేసింది. ఇక తేమ ఎటు పోతుంది? సిమెంటు అంచు దాటి పైకి పాకింది, ఐదడుగుల దాకా. పైన తెల్లగా ఉప్పు పూసింది. ఆ ఉప్పుని బక్కెట్టు నీళ్ళతో కడిగించారు, అంటే కరిగించి మళ్ళీ గోడలోకే పంపారన్నమాట! పొడి బ్రష్షుతో దులిపి, చేటలోకి ఎత్తి బయట పారెయ్యాలి, అంతే.

బాగుచెయ్యడానికి చిన్న ఉలితో సిమెంటు కొద్దికొద్దిగా ఊడదీయాలి. పెద్ద సుత్తి దెబ్బకి ఇటుక మొహమే ఊడొస్తుంది. సందులు ఓ అంగుళం లోతు గీకి, గోడ తడిపి, ఒక వంతు నానిన సున్నానికి మూడు వంతుల ఇసుక కలిపి పూయాలి. కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్ళు కలిపే పాత మేస్త్రీ దొరికితే అదృష్టమే. అర అంగుళం కన్నా మందం ఒక్కసారి వెయ్యకూడదు. వేశాక తడి గోనె పట్టాలు వారం పైన ఉంచాలి. ఎండాకాలంలో చేస్తే పగుళ్ళే. దాని మీద ప్లాస్టిక్ ఎమల్షన్ వేస్తే చేసినదంతా గోదాట్లో కలిసినట్టే, పల్చటి సున్నం మూడు పూతలు చాలు.

ఇంత జరిగినా అప్పుడు ఎవరి నోటా మాట రాలేదు. ఇవాళ నాలుగు మేకులకి ఇల్లంతా నన్ను విసుక్కుంటోంది.

ఉపన్యాసం మాత్రం బాగుంది. 1881 డిసెంబరు 11న వీరేశలింగంగారు తమ ఇంట్లో చేయించిన మొదటి వితంతు వివాహం గురించి. ఊళ్ళో వంటవాళ్ళు, నీళ్ళు మోసేవాళ్ళు రామంటే ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మగారే గోదారి నీళ్ళు మోసి వండి పెట్టిన సంగతి చెప్పేటప్పుడు హాల్లో ఫోన్లు చూసేవాళ్ళు కూడా తలెత్తారు. కానీ ఆ వక్తకి మిగిలింది ఇరవై నిమిషాలు. ముందంతా దీపం, శాలువాలు, వేదిక మీద పెద్దలందరి ఆశీర్వచనాలూ. 1922లో ఆంధ్రేతిహాస పరిశోధక మండలి పుట్టిన ఊళ్ళో ప్రశ్నలకి సమయం లేదంటే ఏమనాలి?

అసలు ఈ ఉపన్యాసాలు బయట హాల్లో పెట్టుకోమని కమిటీకి ఉత్తరం రాద్దామనే కూర్చున్నాను. సగం రాశాక ఆగిపోయాను. ఇల్లు మూసి ఉన్న వర్షాకాలంలోనే కదా, పుస్తకాల బీరువా వెనక చెద మట్టిదారి కట్టింది! కుర్చీలు వెయ్యడానికి బీరువా జరపబట్టే అది బయటపడింది. సభ ఉందంటేనే కిటికీలు తెరుస్తారు, మండువా తూములో ఆకులు తీస్తారు, నాలుగు వాలులు కలిసే మూలల్లో రేకు మీద చెత్త ఊడుస్తారు. ఆ రేకు పూడుకుపోతే నీళ్ళు పెంకుల కిందికి తన్ని వాసాలు పుచ్చిపోతాయి. మనుషులు తిరగని ఇల్లు మేకులు దిగిన ఇంటి కన్నా ముందు పడిపోతుంది.

సరే, సభలు ఇక్కడే జరగనీ. ఫ్లెక్సీ స్టాండు మీద. ప్లాస్టిక్ కుర్చీల కాళ్ళకి రబ్బరు తొడుగులు, లేకపోతే ఎర్ర గచ్చు మీద గీతలే. పకోడీ, టీ వీధరుగు మీదే, లోపల నూనె చుక్క పడ్డా చీమలూ ఎలకలూ పుస్తకాల బైండింగు జిగురు దాకా వస్తాయి. బీరువాలు గోడకి జానెడు దూరంలో. శాలువాలు ఒక్కటి మించకుండా... ఇది కమిటీ ఒప్పుకోదు, అయినా రాస్తాను.